మనస్సునకును పరీక్ష కలదు

ఆకు పసుపు వన్నెకుఁ దిరిగినచో రైతు ఉపేక్షింపఁడు. మన్ను తీసి పరీక్షకుఁ బంపును. తన మనస్సే వాడినపుడు మాత్రము "అప్పుల దిగులు, అదియే పోవును" అని యూరకుండుటను మేము గ్రామములలోఁ జూచుచున్నాము. ఇది తగదు.

మనస్సును పరిశీలించుకొనుటకుఁ దొమ్మిది ప్రశ్నల పట్టిక కలదు. దానిని పి.హెచ్.క్యు.-9 అందురు. పనులయం దాసక్తి తగ్గుట, దిగులు, నిద్ర చెడుట, నీరసము, ఆకలి మారుట, తన్ను తాను నిందించుకొనుట, పనిపై మనస్సు నిలువకుండుట, మందకొడితనము లేక నిలుకడలేమి, చావు తలంపు: ఇవి గడచిన రెండు వారములలో నెన్ని దినములు బాధించినవో అందడుగుదురు. లేనిచో 0, కొన్ని దినములకు 1, సగమునకు మించినచో 2, ఇంచుమించు ప్రతిదినమైనచో 3 వేసి కూడవలెను. మొత్తము 27. అందు 10 గాని, అంతకు మించి గాని వచ్చినచో వైద్యునిఁ జూడవలెను. చదువురానివారు నమ్మకస్థునిచేఁ జదివించుకొని, ఉన్నది యున్నట్లు చెప్పవలెను.

మన్ను పరీక్ష ఎరువు కానట్లే ఈ లెక్క చికిత్స కాదు, రోగనిర్ణయమును కాదు. అంకె తక్కువయైనను బాధ తీరనిచో వైద్యుని యొద్దకుఁ బోవలెను.

చావు తలంపు ప్రశ్నకు 0 తప్ప వేఱేది వచ్చినచో మొత్తముతోఁ బనిలేదు. ఆ క్షణముననే ఇంటివారికిఁ జెప్పి, 14416 నంబరు గల టెలీ-మానస్‌కు ఫోను చేయవలెను. అచ్చట రాత్రింబవళ్లు ఉచితముగఁ దెలుగులో మాటలాడుదురు. ఇంటివారు పురుగుమందు డబ్బాలను ముందుగాఁ దొలగింపవలెను. పోయిన పంట మరల పండును. మనిషి పోయిన మరల రాఁడు.