తపస్సుకాలము: అపోహలు – వాస్తవములు

విభూది బుధవారము మొదలు ఈస్టరుకు ముందటి శనివారము వఱకు గల దినములను కథోలికులు తపస్సుకాలమనియు, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘములవారు శ్రమకాలమనియు, లెంటు దినములనియు వ్యవహరింతురు. ఈ కాలమున మాంసము మానుటయే సర్వస్వమని అన్యులేకాక, క్రైస్తవులలోను పలువురు తలంచుట చూడగా, ఈ ఆచారమునకు ప్రాణమైన భాగమే మఱుగున పడినదని తోచుచున్నది.

కథోలిక సంఘమున 1966లో ఆఱవ పౌలు పోపు సడలించిన విధినిబట్టి, విభూది బుధవారమునాడును శుభ శుక్రవారమునాడును మాత్రమే ఉపవాసము తప్పనిసరి; అదియైనను నిరాహారము కాదు, ఒక పూట నిండు భోజనము, తక్కిన రెండు పూటల స్వల్పాహారము. మాంసవర్జనము ఆ రెండు దినములకును, ఈ కాలపు శుక్రవారములకును చెందినది. చేపలు నిషిద్ధములు కావు. రోగులకు ఈ నిర్బంధమే లేదు. మాంసము మాని, గారెలతో బూరెలతో విందు కుడుచువాడు విధిని అక్షరశః పాటించినవాడగునేమో గాని, దాని ఆంతర్యమును అందుకొన్నవాడు కాడు. ఏలయన 5వ శతాబ్దమున రోము పీఠము నధిష్ఠించిన మహా లియో, ఉపవాసమున మిగిలినది బీదల పాలు కావలెనని తన తపస్సుకాల ప్రసంగములలో పదేపదే బోధించెను. వంటకు బియ్యము కొలుచు వేళ పిడికెడు వేఱుగా తీసి, ఆదివారము గుడికి కానుకగా తెచ్చు ఇల్లాలు, ఆ బోధను ఏ పండితునికన్నను చక్కగా గ్రహించినదని నా నమ్మకము.

ఈ నలుబది దినముల ఉపవాసము బబులోను దేవతయైన తమ్మూజు కొఱకు చేసిన శోకమునుండి పుట్టినదను వాదమొకటి నేడు విరివిగా వినవచ్చుచున్నది. దీనికి వ్యాప్తి కల్పించినది స్కాట్లండు బోధకుడగు అలెగ్జాండర్ హిస్లాప్ 1858లో విస్తరించి ప్రకటించిన ‘రెండు బబులోనులు’ అను గ్రంథము. యెహెజ్కేలు 8వ అధ్యాయమున తమ్మూజును గూర్చి స్త్రీలు ఏడ్చుట ప్రస్తావింపబడినమాట నిజమే. కాని నలుబది దినముల ఊసు అచ్చట లేదు. చరిత్ర చెప్పునది వేఱు: 2వ శతాబ్దాంతమున ఈస్టరుకు ముందు కొందఱు ఒకనాడు, కొందఱు రెండునాళ్లు, మఱికొందఱు అంతకు మించియు ఉపవసించుచుండిరని నాటి సంఘాధ్యక్షుడైన ఇరేనియస్ లేఖవలన తెలియుచున్నది; 325లో కూడిన నైసియా మహాసభ ఐదవ తీర్మానము నాటికి నలుబది దినముల కాలము పేర్కొనదగినంత పరిచితమైయుండెను.

ఇది క్రీస్తు మరణమునకు పట్టు మైల వంటిదనుకొనుటయు పొరపాటే. 4వ శతాబ్దమున యెరూషలేము అధ్యక్షుడు సిరిల్, ఈస్టరు రాత్రి బాప్తిస్మము పొందనున్నవారికి ఈ దినములలోనే విశ్వాసపాఠములు బోధించెను; సంఘమంతయు వారితోపాటు ప్రార్థించి, తన తొలి ప్రమాణమును నూతనపఱచుకొనుచు పండుగకు సిద్ధపడుట దీని పరమార్థము. అందువలననే, మొత్తము 46 దినములైనను, పునరుత్థాన స్మారకములైన ఆఱు ఆదివారములను ఉపవాసపు లెక్కలో చేర్పరు.

నొసట పెట్టు బూడిదకు దృష్టిదోషమును పోగొట్టు శక్తి కలదని కొందఱందురు. అది మంత్రభస్మము కాదు. క్రిందటేడు మట్టల ఆదివారమునాడు చేతబట్టి, ఇంట సిలువపటము వెనుక చెక్కుకొన్న మట్టలే, ఎండి పెళుసెక్కిన పిమ్మట గుడికి మరలి వచ్చి, కాలి, జల్లెడలో వడిసి, గురువుని బొటనవ్రేలి క్రింద సిలువగుర్తుగా మాఱును. జయధ్వానములతో ఎత్తిన కొమ్మయు మన్నగునని తెలిసికొని మనసు త్రిప్పుకొమ్మని చెప్పుటయే దాని పని.

ఈ కాలమును పాటింపుడను ఆజ్ఞ బైబిలులో లేదు; అనేక బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘములు పాటింపకుండుటకు అదియే కారణము. పాటించువారైనను తాము ఎక్కువ పుణ్యులమనుకొన పనిలేదు.

ఇక ఈ కాలమున పెండ్లి కూడదను మాట. 1563లో ట్రెంటు మహాసభ ఈ దినములలో వారించినది ఆర్భాటపు వివాహోత్సవములను. నేడు కథోలిక ధర్మశాస్త్రమున వివాహము నిషిద్ధము కాదు, ఆడంబరము తగ్గింపుడని మాత్రమే పెద్దల కోరిక. ముహూర్తము తప్పిపోయినదని బెంగపడు కుటుంబములవారు ముందుగా తమ విచారణ గురువు నడిగి తెలిసికొనుట మేలు.