డ్రమ్ము మోగాలంటే మైకు జరగాలి

విశాఖపట్నం: ఆదివారం చర్చిల్లో, ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాల్లో, నౌకాదళ ఉత్సవాల వేళ సముద్రపు ఒడ్డున డ్రమ్ముల మోత విశాఖ వాసులకు కొత్త కాదు. ఎదుట నిలబడి వింటే గుండె అదిరే ఆ దరువే, రికార్డింగులో వింటే ఖాళీ నూనె డబ్బా మీద కొట్టినట్టు ఉంటుంది. తప్పు డ్రమ్ముదనీ, కొట్టినవాడిదనీ అనుకోవడం పరిపాటి. చాలాసార్లు తప్పు ఆ ఇద్దరిదీ కాదు. మైకు పెట్టిన చోటుది.

చిన్న ఆర్కెస్ట్రాల వారికి ఇది సరదా విషయం కాదు. పెళ్లికో, ఉత్సవానికో మాట్లాడుకోవడానికి వచ్చేవారు ముందుగా నమూనా పాట వినిపించమంటారు. అందులో దరువు తేలిపోతే బేరం అక్కడే ఆగిపోతుంది. స్టూడియో అద్దె గంటల లెక్కన కట్టాలి. మైకులు సర్దడంలోనే సమయం గడిచిపోతే వాయించడానికి మిగిలేది కొంచెమే.

ముందు శ్రుతి, తర్వాతే మైకు

సముద్రపు గాలి తగిలే ఊళ్లో తోలు వాద్యాలకు తేమే శత్రువు. తేమ పీల్చుకున్న తోలు వదులవుతుంది. అందుకే డప్పు వాయించేవారు ముందుగా మంట దగ్గర కాచుకుంటారు. డ్రమ్ సెట్టుకు ఆ బాధ తక్కువ. 1950ల చివర్లో అమెరికాలో ప్లాస్టిక్ పొరలు వచ్చాక డ్రమ్ములకు తోలు వాడకం క్రమంగా తగ్గిపోయింది. అయినా బిగింపు సరిచూసుకోక తప్పదు. మరలు సమానంగా బిగించకపోతే వచ్చే అపశ్రుతిని ఎంత ఖరీదైన మైకూ దాచలేదు. పొర అరిగిపోతే మార్చుకోవడం, కాలి పెడలు కిర్రుమంటే నూనె చుక్క వేయడం రికార్డింగుకు ముందు రోజు చేసుకోవలసిన పనులు.

ఏ మైకు దేనికి?

డ్రమ్ములకు ఎక్కువగా వాడేవి రెండు రకాలు. మొదటిది డైనమిక్ మైకు. పలుచని పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతం మధ్య కదిలి విద్యుత్తు పుట్టిస్తుంది. ఇది మొరటు దెబ్బలకు తట్టుకుంటుంది. స్నేర్ డ్రమ్ముకు ప్రపంచమంతటా వాడే షూర్ ఎస్‌ఎం 57 ఈ రకమే. 1965లో వచ్చిన ఆ మైకు నేటికీ తయారవుతోంది. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకు మందర స్వరాలను బాగా పట్టే పెద్ద డైనమిక్ మైకు కావాలి.

రెండవది కండెన్సర్ మైకు. సన్నని శబ్దాన్నీ పసిగడుతుంది. సింబళ్ల మెరుపుకు, పైనుంచి సెట్టు మొత్తాన్ని పట్టడానికి ఇది తగినది. దీనికి సాధారణంగా 48 వోల్టుల విద్యుత్తు అందించాలి. తేమ చేరితే చిటపటలాడుతుంది కనుక, విశాఖలో దీన్ని సిలికా జెల్ పొట్లంతో పాటు మూత గట్టిగా ఉన్న పెట్టెలో దాచుకోవడం మేలు. చల్లని ఏసీ గది నుంచి బయటికి తెచ్చిన వెంటనే వాడకూడదు. పొర మీద నీటి ఆవిరి పేరుకునే ప్రమాదం ఉంది.

బెత్తెడు దూరంలోనే తేడా

పెద్ద డ్రమ్ము ముందు పొరకు రంధ్రం ఉంటే మైకును లోపలికి, కొట్టే సుత్తికి దగ్గరగా పెడితే ‘టక్’మనే దెబ్బ స్పష్టంగా వస్తుంది. రంధ్రం అంచుకు జరిపితే ‘ధమ్’మనే నిండుదనం పెరుగుతుంది. వేగంగా సాగే సినిమా పాటకు మొదటిది, నెమ్మదిగా సాగే పాటకు రెండవది నప్పుతుంది.

స్నేర్‌కు మైకును అంచు మీదుగా రెండు వేళ్ల ఎత్తున ఉంచి, ముఖం మధ్యకు వంచాలి. మైకు వీపు హైహ్యాట్ వైపు ఉండాలి. ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకు వెనుక శబ్దాన్ని చాలావరకు వదిలేస్తుంది. పక్కనున్న టామ్‌లకూ ఇదే పద్ధతి. కర్ర తగలకుండా, వాయించేవాడి చేతికి అడ్డం రాకుండా చూసుకోవాలి. శబ్దస్థాయి చూపే ముల్లు గట్టి దెబ్బకు కూడా హద్దు దాటకుండా కొంత ఖాళీ వదలాలి. పాట ఊపులో పడ్డాక డ్రమ్మర్ పరీక్షలో కొట్టినదానికంటే గట్టిగానే కొడతాడు.

రెండు మైకుల మధ్య తగువు

మైకులు పెరిగిన కొద్దీ ధ్వని బాగుంటుందనుకోవడం పొరపాటు. ఒకే దెబ్బ రెండు మైకులకు వేర్వేరు సమయాల్లో చేరుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 34 సెంటీమీటర్ల తేడాకు సెకనులో వెయ్యోవంతు ఆలస్యం. ఆ రెంటినీ సమపాళ్లలో కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకటి పైకి, ఒకటి కిందికి లాగి పరస్పరం రద్దు చేసుకుంటాయి. డ్రమ్ము ఒళ్లు పోయి డబ్బా మోత మిగలడానికి ఇదొక ముఖ్య కారణం.

దీనికి మందు నూలు తాడు. స్నేర్ మధ్య నుంచి పైనున్న రెండు మైకులకూ తాడుతో కొలిచి, దూరం సమానంగా ఉంచితే స్నేర్ శబ్దం రెంటికీ ఒకేసారి చేరుతుంది. స్నేర్‌కు పైన, కింద రెండు మైకులు పెడితే పొర కదలిక ఒకదానికి దూరంగా, ఒకదానికి దగ్గరగా ఉంటుంది కనుక కింది మైకు ధ్రువాలను తిరగేయాలి. మిక్సర్ మీద ఆ మీట నొక్కి చూసి, ఏ స్థితిలో నిండుగా వినిపిస్తే అదే ఉంచాలి.

తక్కువ మైకులతో గొప్ప ధ్వని సాధించినవారున్నారు. 1968లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో లెడ్ జెప్లిన్ బృందం తొలి ఆల్బమ్‌ను రికార్డు చేసిన గ్లిన్ జాన్స్ పేరు మీదే ఒక పద్ధతి నిలిచిపోయింది. డ్రమ్ముల మీద ఒక మైకు, నేల మీది పెద్ద టామ్ పక్కన మరొకటి, స్నేర్‌కు సమాన దూరంలో పెట్టడం, కాలి డ్రమ్ము దగ్గర ఒకటి, అవసరమైతే స్నేర్ దగ్గర ఒకటి చేర్చడం ఆ పద్ధతి. అదే బృందం 1971లో విడుదల చేసిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ పాటకు ఆయన తమ్ముడు ఆండీ జాన్స్ డ్రమ్ములను ఒక పాత భవంతి హాలులో పెట్టించి, మెట్ల మీద పైనుంచి రెండు మైకులు వేలాడదీశారు. ఆ హాలు గోడలే సగం వాద్యమయ్యాయి.

కప్పు తక్కువ గదులు

అంత ఎత్తు హాళ్లు ఇక్కడ అందరికీ దొరకవు. మామూలు ఇంటి గదిలో స్లాబు కప్పు, టైల్సు నేల శబ్దాన్ని వెంటనే తిప్పికొడతాయి. పైమైకు స్లాబుకు దగ్గరైతే ఆ ప్రతిధ్వనే ముందు వినిపిస్తుంది. అలాంటిచోట మైకులను కాస్త కిందికి దించి, డ్రమ్ముల కింద జంపఖానా, మైకుల పైన కప్పు దగ్గర మందపాటి బొంత కట్టడం చవకైన ఉపాయం. రికార్డింగు సాగినంతసేపు ఫ్యాను ఆపాలి. రేవు వైపు ఓడ కూత, పట్టాల మీద సరుకు రైలు చప్పుడు పట్టుకోవడానికి కండెన్సర్ మైకు ఎప్పుడూ సిద్ధమే.

తప్పెటగుళ్లకు లెక్క వేరు

డ్రమ్ సెట్టుకు సరిపోయే ఈ కొలతలు ఉత్తరాంధ్ర జానపద కళాకారులకు అన్నివేళలా పనికిరావు. తప్పెటగుళ్లలో పదిహేను, ఇరవై మంది ఛాతీకి తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో పాడుతూ, గెంతుతూ వలయంగా తిరుగుతారు. ఒక్కొక్కరి ముందూ మైకు పెట్టడం సాధ్యం కాదు. ఒకే మైకు ముందు అందరూ వాయించిన రోజుల్లో పెద్ద గొంతు వాద్యాన్ని వెనక్కి, పాటగాణ్ణి ముందుకు జరిపి సమం చేసేవారు. 1963లో మొదలైన విశాఖ ఆకాశవాణి కేంద్రం తొలినాటి రేడియో యుగంలో ఎక్కడైనా ఆ నేర్పే ఆధారం.

ఇప్పటికీ ఆ సూత్రమే నయం. బృందానికి ఎదురుగా, తలల కంటే ఎత్తులో రెండు మైకులు జంటగా ఉంచి, పాట నడిపించే నాయకుడికి ఒకటి, గజ్జెల కోసం మోకాలి ఎత్తులో ఒకటి ఇస్తే నాలుగింటితో పని జరుగుతుంది. గజ్జెల మైకు మరిస్తే అడుగుల లయ పోతుంది. వయసు మీరిన కళాకారుల బృందం పాట ఒక్కసారే రికార్డయితే, రేపటి పిల్లలు నేర్చుకునేది దాని నుంచే. అందులో గజ్జెలు లేకపోతే ఆ పిల్లల అడుగుల్లోనూ లయ తప్పుతుంది.

ఖర్చు లేని పరీక్ష

మైకు స్టాండు విప్పకముందే డ్రమ్మర్‌ను వాయించమని, చుట్టూ తిరిగి, వంగి, నిలబడి వినాలి. చెవికి ఇంపైన చోటే మైకు మొదటి మజిలీ. అరనిమిషం రికార్డు చేసి, డ్రమ్మర్‌కే వినిపించి, ‘ఇది నీ డ్రమ్మేనా?’ అని అడగాలి. కాదంటే మైకు మార్చే ముందు ఒక అంగుళం జరిపి, మళ్లీ వినాలి. ఒక గంట అద్దెలో మొదటి పావుగంట ఇందుకు పోయినా, మిగిలిన ముప్పావుగంట వృథా కాదు.