టెస్టుకు పోర్టు నంబరు మీరు రాయకండి, సున్నా ఇవ్వండి

సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాకా వెళ్తే మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్ వరసగా ఇంజినీరింగ్ కాలేజీలే. నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో మొదటి సర్వర్ రాసే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే ఎర్రర్ ఒకటుంది: ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’. లినక్స్‌లో దాని నంబరు 98. అడిగిన పోర్టు అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంటే వస్తుందది.

పోర్టు నంబరు 16 బిట్లు. అంటే 0 నుంచి 65,535 వరకే. 1023 లోపువి మామూలు యూజర్‌కు దొరకవు. ఒక సెక్షన్‌లో 60 మంది ఒకే లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అయ్యారనుకుందాం. అందరూ 8080 రాస్తే ఒక్కరిదే నడుస్తుంది, 59 మందిది ఆగిపోతుంది. సరే, 8000 నుంచి 8999 మధ్య ఎవరికి తోచింది వాళ్లు రాశారు. వెయ్యి నంబర్లు, 60 మందే కదా అనిపిస్తుంది. కానీ కనీసం ఇద్దరికి ఒకే నంబరు పడే అవకాశం 83 శాతం పైనే. 60 మందిలో జతలు 1,770 ఉంటాయి మరి.

పరిధి పెంచినా తప్పించుకోలేం. బయటికి వెళ్లే కనెక్షన్లకు లినక్స్ మామూలుగా 32,768 నుంచి 60,999 వరకు, అంటే 28,232 పోర్టులు వాడుతుంది. అన్నింటిలోంచి యాదృచ్ఛికంగా ఎంచుకున్నా 60 మందిలో ఢీకొనే అవకాశం 6 శాతం. ఆ 60 మందీ తమ సర్వర్ల టెస్టులు రోజుకు పదిసార్లు నడిపితే ఒక్కసారైనా తగిలే అవకాశం 46 శాతం దాటుతుంది. పైగా ఆ పరిధిలోని పోర్టును కెర్నల్ అప్పటికే ఏదో కనెక్షన్‌కు ఇచ్చేసి ఉండవచ్చు. జీఆర్‌పీసీ ఉదాహరణల్లో కనిపించే 50051 ఆ పరిధిలోదే. నిన్న పాసైన టెస్టు ఇవాళ ఫెయిలై, మళ్లీ నడిపితే పాసవడానికి ఇదొక కారణం.

ఒంటరిగా పనిచేసినా ఇబ్బందే. సర్వర్ కనెక్షన్ మూశాక లినక్స్ 60 సెకన్లు దాన్ని టైమ్ వెయిట్ స్థితిలో ఉంచుతుంది. వెంటనే టెస్టు మళ్లీ నడిపితే అదే 98. రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెడితే ఈ చిక్కు తీరుతుంది. కానీ ఒకే పోర్టులో ఇద్దరి సర్వర్లు వింటూ ఉండటానికి అది ఒప్పుకోదు.

ఎర్రర్ వస్తే నయమే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఎర్రర్ రాని సందర్భం. మీ సర్వర్ పైకి లేవలేదు, టెస్టు ఆ సంగతి చూసుకోలేదు, క్లయింటు 8080కి కనెక్ట్ అయింది. అక్కడున్నది పక్క సీటు విద్యార్థి సర్వర్. జవాబు సరిగ్గానే వచ్చింది, టెస్టు పాసైంది. మీ కోడ్ ఒక్క లైనూ నడవలేదు.

పరిష్కారం ఒక్క అంకె. బైండ్ చేసేటప్పుడు పోర్టుగా 0 ఇస్తే ఖాళీగా ఉన్నదాన్ని కెర్నలే చూసి ఇస్తుంది. ఏది ఇచ్చిందో గెట్‌సాక్‌నేమ్‌తో అడిగి, ఆ నంబరును క్లయింటుకు అందించాలి. గో భాషలోని హెచ్‌టీటీపీటెస్ట్ చేసేది ఇదే. స్ప్రింగ్ బూట్‌లో రాండమ్ పోర్ట్ అన్నా వెనుక జరిగేది ఇదే. చాలామంది ఇక్కడొక పొరపాటు చేస్తారు: ఖాళీ పోర్టు కనుక్కుని, సాకెట్ మూసేసి, తర్వాత ఆ నంబరుతో సర్వర్ మొదలుపెడతారు. ఆ మధ్య కొన్ని మిల్లీసెకన్లలో ఇంకొకరు దాన్ని పట్టుకోవచ్చు. తెరిచిన సాకెట్‌ను మూయకుండా దానిమీదే వినాలి.

అసలు సర్వర్ 443 మీదే ఉండనివ్వండి, దాన్ని జనం వెతుక్కుంటూ రావాలి. టెస్టు సర్వర్‌ను వెతికేది మీ టెస్టు ఒక్కటే. ల్యాబ్ మాన్యువల్ రాసే అధ్యాపకులకు నా విన్నపం: వచ్చే సెమిస్టర్ నుంచి మొదటి ప్రోగ్రాములో 8080 తీసేసి 0 పెట్టండి.