నాలుగు రోజుల నడక, అడవిలో పడక: టాస్మానియా ‘త్రీ కేప్స్’ తీరబాట చెప్పే పాఠం ఏమిటి?

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణంగా ఉన్న టాస్మానియా ద్వీపంలో, సముద్రపు అంచునే నాలుగు రోజులు సాగే ఒక కాలిబాట ఉంది. దాని పేరు ‘త్రీ కేప్స్ ట్రాక్’. ‘కేప్’ను మన భూగోళ పాఠ్యపుస్తకాలు ‘అగ్రం’ అంటాయి కనుక దీనిని ‘మూడు అగ్రాల బాట’ అనవచ్చు. 2015 డిసెంబరులో ప్రారంభమైన ఈ బాటపై రెండు రకాల యాత్రికులు కనిపిస్తారు. కొందరు తిండి గింజలు, పడక సంచి వీపున మోసుకుంటూ ప్రభుత్వ కుటీరాలలో బస చేస్తారు. మరికొందరు చిన్న సంచితో మార్గదర్శకుల వెంట నడిచి, సాయంత్రానికి ‘ఎకో లాడ్జి’కి చేరి, వేడి భోజనం చేసి, మెత్తని పరుపుపై నిద్రిస్తారు.

తెలుగునాట ‘లాడ్జి’ అనగానే బస్టాండు ఎదుటి గది గుర్తుకు వస్తుంది. ఇక్కడి లాడ్జి రక్షిత అడవి లోపల, రోడ్డు కూడా లేనిచోట ఉంటుంది. జాతీయ ఉద్యానవనంలో ఇంతటి సౌకర్యం కల్పించడం సబబేనా, కల్పిస్తే ఏ హద్దులలో ఉండాలి అన్నది పొడవైన తీరరేఖ గల మన దేశానికీ వర్తించే ప్రశ్న.

బాట ఎటు సాగుతుంది?

రాష్ట్ర రాజధాని హోబర్ట్ నుంచి సుమారు గంటన్నర ప్రయాణ దూరంలోని పోర్ట్ ఆర్థర్ వద్ద యాత్ర ఆరంభమవుతుంది. 1830 నుంచి 1877 వరకు బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ నేరస్థుల శిక్షా శిబిరం నడిపింది. టాస్మన్ ద్వీపకల్పాన్ని మిగిలిన భూమితో కలిపే ఇరుకైన ఈగిల్‌హాక్ నెక్ వద్ద గొలుసులతో కట్టిన కుక్కలను వరుసగా కాపలా ఉంచేవారు. 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఆస్ట్రేలియా శిక్షాస్థలాలలో పోర్ట్ ఆర్థర్ ఒకటి. వలసపాలకులు రాకముందు ఈ నేల పైడైరెర్మే అనే ఆదివాసీ సమూహానిది.

పోర్ట్ ఆర్థర్ నుంచి పడవలో డెన్మన్స్ కోవ్ చేరి అక్కడ నడక మొదలుపెడతారు. ప్రభుత్వ కుటీరాల లెక్కన తొలి రోజు 4, రెండో రోజు 11, మూడో రోజు 19, చివరి రోజు 14, మొత్తం 48 కిలోమీటర్లు. ఫోర్టెస్క్యూ అఖాతం వద్ద యాత్ర ముగుస్తుంది. అందరూ ఒకే దిశలో నడవాలన్నది నియమం. పేరులో మూడు అగ్రాలున్నా కాలు మోపేది పిల్లర్, హాయ్ అనే రెండింటిపైనే. మూడోదైన రౌల్ అగ్రం దూరం నుంచి కనిపిస్తుంది.

పిల్లర్ అగ్రం వద్ద శిలలు సముద్రం నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తుకు నిట్టనిలువుగా లేస్తాయి. ఐదు చార్మినార్లను ఒకదానిపై ఒకటి నిలిపినా ఆ ఎత్తు అందదు. ఎదురుగా టాస్మన్ దీవి, దానిపై 1906లో వెలిగిన దీపస్తంభం ఉన్నాయి. దారి పొడవునా యూకలిప్టస్ అడవులు, గాలికి వంగిన పొదలు, వాలబీలు, ముళ్ల ఎకిడ్నాలు తారసపడతాయి.

ఈ శిలలకు మనతో బంధుత్వం

ఈ కొండలు డోలరైట్ అనే రాతితో ఏర్పడ్డాయి. సుమారు 18 కోట్ల ఏళ్ల క్రితం భూగర్భం నుంచి శిలాద్రవం పైపొరల్లోకి చొచ్చుకువచ్చి నెమ్మదిగా చల్లారింది. ఎండిన చెరువు అడుగున ఒండ్రు బీటలు వారినట్లే, చల్లారుతూ కుంచించుకుపోయిన రాయి నిలువునా పగిలి స్తంభాల వరుసగా మారింది. గోండ్వానా అనే మహాఖండం విచ్ఛిన్నమయ్యే దశలో జరిగిన పరిణామమిది. అప్పట్లో భారతదేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా అందులో అంతర్భాగాలు.

ఆ మహాఖండానికి పేరు మధ్య భారతంలోని గోండుల నేల నుంచి వచ్చింది. గోండుల భాష గోండి, తెలుగు ఒకే ద్రావిడ ఉపకుటుంబానికి చెందినవి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు దొరికే పొరలను కూడా భూగర్భ శాస్త్రవేత్తలు గోండ్వానా శిలలనే పిలుస్తారు. ఆదిలాబాద్ అడవుల్లో నివసించే ప్రజల పేరు ఈ విధంగా దక్షిణార్ధగోళపు కొండల చరిత్రలో నిలిచిపోయింది.

సౌకర్యం, హద్దులు

ప్రభుత్వ కుటీరాలలో రోజుకు 48 మందికే చోటు. పరుపులు, వంట గ్యాస్ పొయ్యిలు ఉంటాయి. ఆహారం, పడక సంచి ఎవరివి వారే తెచ్చుకోవాలి. 2018లో మొదలైన ప్రైవేటు లాడ్జి యాత్రలో ఒక్కో బృందానికి గరిష్ఠంగా 14 మంది అతిథులు. మార్గదర్శకులే వంట చేస్తారు, దారిలోని మొక్కలు, పక్షులు, చరిత్ర గురించి వివరిస్తారు, వాతావరణం వికటిస్తే నిర్ణయం తీసుకుంటారు. మోకాళ్లు బరువు మోయలేని వయసు వారికి, అడవిలో ఒంటరిగా నడిచే అనుభవం లేనివారికి ఇది దారి తెరిచిందన్నది సమర్థకుల వాదన.

లాడ్జిలకు విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు లేవు. వాన నీటిని పట్టి నిల్వ చేస్తారు, సౌరశక్తిని వాడతారు. బాట మొదట్లోనే బూట్లు శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంటుంది. ‘ఫైటోఫ్తోరా’ అనే సూక్ష్మజీవి మట్టితోపాటు బూట్లకు అంటుకుని వస్తే స్థానిక మొక్కల వేర్లు కుళ్లిపోతాయి. చాలాచోట్ల నేల తొక్కుడుకు గురికాకుండా చెక్క పలకలు, రాతి మెట్లు పరిచారు.

విమర్శకుల వాదనకూ బలముంది. ప్రజలందరిదైన ఉద్యానవనంలో ప్రైవేటు భవనం ఎందుకన్నది వారి మొదటి ప్రశ్న. కుటీరాల నడకకు వందల డాలర్లు, లాడ్జి నడకకు వేల డాలర్లు ఖర్చయ్యేటప్పుడు, ఒకే కొండ అంచు కొందరికి మాత్రమే సుఖంగా దక్కుతుందన్నది రెండోది. ఒక లాడ్జికి అనుమతిస్తే పదింటికి తలుపు తెరిచినట్లవుతుందన్నది మూడోది. టాస్మానియాలో జాతీయ ఉద్యానవనాలలోని ప్రైవేటు బసలపై ఈ చర్చ ఇప్పటికీ సాగుతోంది.

మనకు ఎందుకు పట్టాలి?

మన దేశంలో తీరప్రాంత నిర్మాణాలను 2019 నాటి తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ నియంత్రిస్తుంది. జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల వరకు, జనసాంద్రత అధికంగా ఉన్నచోట 50 మీటర్ల వరకు నిర్మాణ నిషిద్ధ ప్రాంతం. అయితే పర్యాటకం కోసం తాత్కాలిక ఏర్పాట్లకు షరతులతో అవకాశం ఉంది. ఆంధ్ర తీరంలో ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. మత్స్యకారులకు అదే ఇసుక వలలు ఆరబెట్టుకునే చోటు, పడవలు లాగే చోటు. అక్కడ రాత్రి వెలిగే దీపం సైతం సముద్రం వైపు వెళ్లాల్సిన తాబేలు పిల్లను దారి తప్పిస్తుంది.

అందువల్ల ‘ఎకో’ అనే ముద్ర చూసి గది బుక్ చేసుకునే ముందు యాత్రికులు కొన్ని ప్రశ్నలు అడగాలి. నీరు ఎక్కడిది? మురుగు ఎక్కడికి పోతుంది? రోజుకు ఎందరిని అనుమతిస్తారు? రాత్రి దీపాలు ఎటు చూస్తాయి? మార్గదర్శకులు, వంటవారు స్థానికులేనా? తీరానికి వెళ్లే దారి ఊరివారికి తెరిచే ఉందా? జవాబులు సూటిగా లేకపోతే ఆ పేరు ప్రకటన కోసమేనని అనుకోవాల్సి వస్తుంది.

త్రీ కేప్స్ నడవదలచిన భారతీయులు గుర్తుంచుకోవలసింది మరొకటి: అక్కడి రుతువులు మనకు తలకిందులు. మన వేసవి సెలవులు ముగిసేనాటికి అక్కడ చలికాలం మొదలవుతుంది, పగలు కుదించుకుపోతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు నడకకు అనువైన కాలం. ఆ నెలల్లోనూ కొండ అంచున గాలి, వాన ఒక్కసారిగా విరుచుకుపడతాయి. లాడ్జిలో పరుపు ఎంత మెత్తనిదైనా వానకోటు సంచిలో ఉండాల్సిందే.