అండాశయం దాటి చూడవలసిన రుగ్మత

తెలుగు ఇళ్లలో పీసీఓడీ అనీ, 'అండాశయంలో నీటి బుడగలు' అనీ చెప్పుకునే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, సంతానం కలిగే వయసులో ఉన్న స్త్రీలలో నూటికి 8 నుంచి 13 మందిలో ఉంటుంది. వారిలో 70 శాతం దాకా తమకు ఈ రుగ్మత ఉన్నట్లు తెలియకుండానే కాలం గడుపుతున్నారు. నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీదా పైపెదవి మీదా ముదురు వెంట్రుకలు రావడం, మొటిమలు ఎంతకీ తగ్గకపోవడం, నడుము చుట్టూ బరువు పెరగడం, గర్భం రావడం ఆలస్యం కావడం వేటికవే వేరు ఇబ్బందులుగా కనిపిస్తాయి కాబట్టి ఒకరు చర్మ వైద్యుల దగ్గరికీ, మరొకరు సంతాన సాఫల్య కేంద్రానికీ వెళతారు. 'పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి' అన్న పెద్దల మాట నమ్మి ఊరుకునేవారూ తక్కువేమీ కాదు. ఈ లక్షణాలన్నిటి వెనుక ఇన్సులిన్ అనే హార్మోన్ పాత్ర ఎంతో ఉందని దశాబ్దాల పరిశోధన తేల్చిన తరువాత, దీనిని పిల్లలు పుట్టేదాకా పట్టించుకుని ఆ తరువాత మరచిపోదగ్గ సమస్యగా చూడడం తగదు.

చాలా కాలం కలవని రెండు ఆధారాలు

ఫ్రాన్సులో అషార్, తియేర్ అనే ఇద్దరు వైద్యులు 1921లో ఒక విచిత్రమైన జంట లక్షణాన్ని నమోదు చేశారు. కొందరు స్త్రీలలో ముఖం మీద గడ్డం పెరగడమూ, మధుమేహమూ కలిసి కనిపిస్తున్నాయని గమనించి, దానికి 'గడ్డమున్న స్త్రీల మధుమేహం' అని పేరు పెట్టారు. 1935లో అమెరికాలోని షికాగో నగరంలో ఇర్వింగ్ స్టైన్, మైకేల్ లెవెంతాల్ అనే స్త్రీవైద్యులు, నెలసరి ఆగిపోయి అండాశయాలు ఉబ్బిన ఏడుగురు స్త్రీలకు శస్త్రచికిత్స చేసి, అండాశయంలో కొంత భాగాన్ని కోసి తీసివేయగా, ఏడుగురికీ నెలసరి తిరిగి మొదలైంది, ఇద్దరు గర్భం దాల్చారు. ఈ ఫలితం వైద్యలోకం దృష్టిని ఎంతగా కట్టిపడేసిందంటే, రోగం అండాశయంలోనే ఉందనీ, వైద్యం కూడా అక్కడే జరగాలనీ దశాబ్దాల పాటు నమ్మకం స్థిరపడింది. ఫ్రెంచి వైద్యులు గుర్తించిన మధుమేహ సంబంధం మరుగున పడింది.

ఆ సంబంధం మళ్లీ వెలుగులోకి రావడానికి 1980 దాకా ఆగవలసి వచ్చింది. పురుష హార్మోన్లుగా పేరుపడిన ఆండ్రోజన్లు ఎక్కువగా ఉన్న ఈ స్త్రీల రక్తంలో ఇన్సులిన్ కూడా ఎక్కువగానే ఉందని అమెరికా పరిశోధకులు ఆ సంవత్సరం చూపారు. న్యూయార్క్‌లో ఆండ్రియా డునైఫ్ బృందం 1989లో మరో అడుగు ముందుకు వేసి, ఇన్సులిన్ మాట శరీరం వినకపోవడం, అంటే ఇన్సులిన్ నిరోధకత, కేవలం లావు వల్ల వచ్చినది కాదనీ, సన్నగా ఉన్నవారిలోనూ అది కనిపిస్తుందనీ నిరూపించింది.

లోపల జరిగేదేమిటి

నెలసరి చక్రాన్ని నడిపించేది మెదడు. హైపోథాలమస్ అనే భాగం విడతలు విడతలుగా పంపే సంకేతాన్ని అందుకుని, పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను విడుదల చేస్తుంది. అండాన్ని పొదివి ఉంచే చిన్న సంచిని అండపుటిక అంటారు. ఎల్‌హెచ్ ప్రేరణతో దాని బయటి పొర ఆండ్రోజన్లను తయారుచేస్తే, ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రేరణతో లోపలి పొర వాటిని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఈ రుగ్మతలో మెదడు సంకేతాలు వేగం పుంజుకోవడంతో ఎల్‌హెచ్ పెరిగి, తయారయ్యే ఆండ్రోజన్ మార్పిడికి అందనంతగా పేరుకుంటుంది.

ఇన్సులిన్ ఇక్కడే ప్రవేశిస్తుంది. కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు, రక్తంలోని చక్కెరను అదుపులో పెట్టడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. అయితే కండరాలు పెడచెవిన పెట్టిన ఆ ఇన్సులిన్‌కు అండాశయం మాత్రం స్పందిస్తూనే ఉంటుంది కాబట్టి, అక్కడ అది ఎల్‌హెచ్‌తో చేయి కలిపి ఆండ్రోజన్ తయారీని ఇంకా ఎగదోస్తుంది. ఆండ్రోజన్లలో ఒకటైన టెస్టోస్టిరాన్‌ను రక్తంలో పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తయారుచేస్తుంది. అధిక ఇన్సులిన్ ఆ ప్రొటీన్‌ను తగ్గించడం వల్ల, స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ పాలు పెరిగి ముఖం మీద వెంట్రుకలకూ, మొటిమలకూ కారణమవుతుంది. ఈ ఒత్తిడిలో అండపుటికలు 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర ఎదుగుదల ఆపేస్తాయి. స్కానింగ్‌లో 'నీటి బుడగలు'గా కనిపించేవి ఇవే గనుక, వాటిని కోసి తీయవలసిన గడ్డలుగా భావించి భయపడనక్కరలేదు. అసలు జాగ్రత్త పడవలసినది మరొకటి ఉంది: అండం విడుదల కాని నెలల్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారు కాదు, దాని అదుపు లేక గర్భాశయం లోపలి పొర మందంగా పెరిగిపోతుంది, ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొరకు క్యాన్సర్ వచ్చే ముప్పు హెచ్చుతుంది.

అధిక ఇన్సులిన్ బయటికి కనిపించే చోటు కూడా ఒకటుంది. కొందరు ఆడపిల్లలకు మెడ వెనుకా, చంకల్లోనూ చర్మం నల్లబడి, మఖ్‌మల్ గుడ్డలా మందంగా తయారవుతుంది. అది మట్టి అనుకుని తల్లులు సున్నిపిండితో రుద్దుతారు, సరిగా స్నానం చేయడం లేదని పిల్లను కోప్పడతారు. ఎంత రుద్దినా ఆ నలుపు పోదు. ఇన్సులిన్ ఎక్కువై చర్మకణాలను అతిగా పెంచడం వల్ల వచ్చిన ఆ మార్పు, షుగర్ పరీక్ష చేయించవలసిన అవసరాన్ని తెలిపే గుర్తు.

గుర్తించడంలో మెలకువలు

2003లో రోటర్‌డామ్‌లో వైద్య నిపుణుల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం మూడు అంశాలలో రెండు ఉంటే రుగ్మత ఉన్నట్లు నిర్ణయిస్తారు: అండం సక్రమంగా విడుదల కాకపోవడం, ఆండ్రోజన్ ఆధిక్యం, స్కానింగ్‌లో అనేక పుటికలు కనిపించడం. థైరాయిడ్, ప్రొలాక్టిన్ లోపాలు లేవని ముందుగా తేల్చుకోవడం తప్పనిసరి. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు, పెద్దవారిలో స్కానింగ్‌కు బదులు ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్షను కూడా అనుమతించాయి. కౌమారంలో మాత్రం పుటికలు సహజంగానే ఎక్కువ కాబట్టి ఆ రెండు పరీక్షలతోనూ నిర్ణయానికి రాకూడదని స్పష్టం చేశాయి. రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. మూడేళ్లు దాటాక కూడా 21 రోజుల లోపో, 35 రోజులు దాటో వస్తూ ఉంటే, లేదా ఏడాదికి 8 సార్ల కన్నా తక్కువ వస్తూ ఉంటే వైద్యులను కలవాలి.

ఈ విషయంలో తెలుగు నేల నుంచి వచ్చిన ఆధారం ఒకటి ఉంది. అనంతపురంలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుంచి 18 ఏళ్ల లోపు విద్యార్థినులు 460 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం, వారిలో 9.13 శాతం మందికి ఈ రుగ్మత ఉన్నట్లు లెక్కగట్టింది. దక్షిణాసియా వాసులలో బరువు తక్కువగా ఉన్నా పొట్ట చుట్టూ కొవ్వు చేరే స్వభావం ఎక్కువ. అందుకే భారతీయులకు 25 కాక, 23 బీఎంఐ దగ్గరే అధిక బరువు హెచ్చరిక మొదలవుతుంది. సన్నగా ఉంది కాబట్టి పిల్లకు ఏ భయమూ లేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

చికిత్స, కొత్త దారులు

శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా అనేకమందిలో నెలసరి గాడిన పడుతుంది. అనంతపురం బృందమే ఈ రుగ్మత ఉన్న అమ్మాయిలను రెండు జట్లుగా విభజించి, 12 వారాల పాటు ఒక జట్టుకు యోగా, మరో జట్టుకు సాధారణ వ్యాయామం చేయించగా, బరువులో మార్పుతో సంబంధం లేకుండా యోగా జట్టులో ఇన్సులిన్ నిరోధకత ఎక్కువగా తగ్గింది. మందులను ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి వైద్యులు ఎంచుతారు: నెలసరి క్రమానికీ, అవాంఛిత రోమాలకూ హార్మోన్ మాత్రలు, ఇన్సులిన్ పనితీరుకు మెట్‌ఫార్మిన్, అండం విడుదలకు లెట్రోజోల్. 750 మంది స్త్రీలపై జరిగి 2014లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికీ, పాత మందు క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికీ బిడ్డలు పుట్టారు. భారతదేశంలో 2011లో సంతానలేమి చికిత్సకు నిషేధించిన లెట్రోజోల్‌ను 2017లో తిరిగి అనుమతించారు.

2024లో షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ వర్గపు మందు అండాశయంలో ఆండ్రోజన్ తయారీని తగ్గిస్తుందని చూపారు. 19 మంది స్త్రీలకు 12 వారాలు ఇవ్వగా 12 మందికి నెలసరి క్రమబద్ధమైంది. ఇంత చిన్న సంఖ్యను బట్టి దానిని చికిత్సగా ప్రకటించలేరు గాని, పరిశోధన సరైన దిక్కున సాగుతోందని చెప్పవచ్చు. జన్యు అధ్యయనాలు మరింత ఆలోచింపజేసే సంగతి తెలిపాయి: ఈ రుగ్మతకు సంబంధించిన జన్యువులు మోస్తున్న పురుషులలోనూ ఊబకాయం, మధుమేహం ముప్పు ఎక్కువగా ఉంది. అండాశయమే లేని శరీరంలోనూ ఈ రుగ్మత ఛాయ కనబడుతోందంటే, మూలం అండాశయానికే పరిమితం కాదనడానికి అంతకన్నా బలమైన సాక్ష్యం అక్కరలేదు.

కాబట్టి ఈ రుగ్మత ఉన్న స్త్రీకి బిడ్డ పుట్టడంతో వైద్యం ముగిసిపోదు. గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చేసే షుగర్ పరీక్షను నిర్ధారణ నాడూ, ఆపై ఒకటి నుంచి మూడేళ్లకోసారీ చేయించాలి. గర్భిణిగా ఉన్నప్పుడు మరింత జాగ్రత్త తీసుకోవాలి. రక్తపోటు, కొలెస్ట్రాల్‌తో పాటు మనసు కుంగుబాటును కూడా అడిగి తెలుసుకోవాలి. ఆమె అన్నదమ్ములూ, తండ్రీ కూడా తమ షుగర్ చూపించుకుంటే మంచిది. బడిలో, ఇంట్లో, ఆసుపత్రిలో నెలసరి గురించి బిడియపడకుండా మాట్లాడే అవకాశం ఆడపిల్లకు కల్పించగలిగితే, రాబోయే మధుమేహాన్ని ఎన్నో ఏళ్ల ముందే పసిగట్టి అడ్డుకునే వీలు కుటుంబానికి దక్కుతుంది.