సమీకరణములో దాగిన వేగము

విజయవాడ నుండి విశాఖపట్నము వైపు పోవుచున్న ఒక రైలును గూర్చి, దూ = 40 + 60 కా అని నల్లబల్లపై వ్రాసియున్నదనుకొనుడు. 'దూ' అనగా విజయవాడ నుండి దూరము, కిలోమీటర్లలో. 'కా' అనగా గడియారము చూచినది మొదలు గడచిన గంటలు.

రెండు గంటల తరువాత రైలు 160 కి.మీ. దూరమున ఉండును. ఇంతవరకు తరగతిలో ఎవరికిని చిక్కు లేదు. వేగమెంత అని అడుగగానే కొందరు 160ని 2చే భాగించి 80 అందురు. పొరపాటు ఇక్కడనే. ఆ 160లో 40 కి.మీ. గడియారము చూడకముందే గడచిపోయినవి. రెండు గంటలలో రైలు నడచినది 120 మాత్రమే. భాగింపవలసినది దూరమును కాదు, దూరములోని మార్పును. అప్పుడు 60 వచ్చును. 'కా' ప్రక్కనున్న గుణకము అదే. 1వ గంట నుండి 3వ గంట వరకు లెక్కించినను (100 నుండి 220కి) మరల 60 వచ్చును. గ్రాఫు సరళరేఖ యగుటకు కారణమిదే. అయితే ఉత్త 60 సగము జవాబే; గంటకు 60 కిలోమీటర్లు అన్నప్పుడే అది వేగము.

ఎదురుగా వచ్చు రైలుకు దూ = 340 − 40 కా అయినచో, ఋణ గుర్తు చూచి అది వెనుకకు నడచుచున్నదని భ్రమపడరాదు. విజయవాడకు దగ్గరగుచున్నదని మాత్రమే దాని అర్థము.

గుణకము నిజముగా స్థిరమేనా? చంద్రుని చూడుడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు అక్కడ ఉంచి వచ్చిన ప్రతిఫలకముపైకి లేసరు కిరణములు పంపి, అవి తిరిగివచ్చు కాలమును బట్టి దూరమును కొలువ వీలయినది. సగటు దూరము 3,84,400 కి.మీ.; అది ఏటికి సుమారు 3.8 సెం.మీ. చొప్పున పెరుగుచున్నది. సముద్రపు పోటుల మూలమున భూభ్రమణము మందగించుచు, చంద్రుని దూరముగా నెట్టుచున్నది.

నూరేండ్లకు 380 సెం.మీ. అని సరళరేఖతో చెప్పవచ్చును. అదే రేఖను వెనుకకు పొడిగించినచో, దూరము సున్న యగుటకు సుమారు 1,000 కోట్ల సంవత్సరములు పట్టును. కాని చంద్రుని వయస్సు దాదాపు 450 కోట్ల సంవత్సరములే! అది భూమికి చేరువలోనే పుట్టినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అట్లయిన సగటు రేటు ఏటికి 8 సెం.మీ. దాకా ఉండవలెను. భాగహారములో తప్పు లేదు. చంద్రుడు దగ్గరగా నున్న తొలిరోజులలో పోటుల బలము మిక్కిలి ఎక్కువ. అందుచే అప్పుడతడు నేటికంటె చాల వేగముగా దూరమయ్యెను. ఆ గ్రాఫు వక్రరేఖ, 3.8 నేటి బిందువు వద్ద దాని వాలు.