అవే పాటలు, యాభై ఏళ్ల తేడా: యూసుఫ్ ఇస్లాం రెండు ఆల్బమ్‌లలో ఏది మేలు?

ఒక గాయకుడు ఇరవై రెండేళ్ల వయసులో పాడిన పదకొండు పాటల్ని డెబ్బై దాటాక మళ్లీ పాడితే ఎలా ఉంటుంది? గొంతు మారుతుంది, శ్వాస తగ్గుతుంది. పాట అర్థం కూడా మారుతుందా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే యూసుఫ్ ఇస్లాం ఆల్బమ్‌లు రెండింటిని పక్కపక్కన పెట్టి వినాలి. ఒకటి 1970 నవంబర్‌లో వచ్చిన 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్'. రెండోది 2020 సెప్టెంబర్‌లో వచ్చిన 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్ 2'. పాటలు అవే. మొదటిది వచ్చేనాటికి ఆయన పేరు క్యాట్ స్టీవెన్స్. రెండోది వచ్చేనాటికి ఆయన ముస్లిం అయి నలభై ఏళ్లు దాటింది.

మన ఇళ్లలో చాలామందికి యూసుఫ్ ఇస్లాం అనగానే ఇస్లాం స్వీకరించిన ఇంగ్లీషు గాయకుడు అని మాత్రమే గుర్తుకొస్తుంది. ఆయన ఏం పాడారు, ఎందుకు అంత పేరొచ్చింది అని అడిగితే జవాబు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ముందు ఆ కథ కొంచెం తెలుసుకుందాం.

ఎవరీ క్యాట్ స్టీవెన్స్?

1948 జూలైలో లండన్‌లో పుట్టారు. అసలు పేరు స్టీవెన్ డిమిట్రీ జార్జియూ. తండ్రి సైప్రస్ నుంచి వచ్చిన గ్రీకు మనిషి, తల్లి స్వీడన్ ఆవిడ. లండన్ నడిబొడ్డున వాళ్లకో రెస్టారెంట్ ఉండేది. కుటుంబం పైనే కాపురం ఉండేది. పిల్లాడు కూడా హోటల్లో పని చేసేవాడు. టీనేజ్ దాటకముందే పాప్ గాయకుడిగా హిట్లు కొట్టాడు. అంతలోనే క్షయ వ్యాధి వచ్చి నెలల తరబడి ఆసుపత్రి మంచం మీద ఉండాల్సి వచ్చింది. చావు అంచుల దాకా వెళ్లి వచ్చాక రాసే పాటల తీరే మారిపోయింది. మెరుపు బట్టలు, పెద్ద ఆర్కెస్ట్రా పోయాయి. ఒక అకౌస్టిక్ గిటారు, కొన్ని సూటి ప్రశ్నలు మిగిలాయి. ఆ మార్పు నుంచి పుట్టిందే 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్'. పేరు మన భాషలో చెప్పాలంటే 'పొలం దున్నే మనిషికి చాయ్'. కవర్ మీది బొమ్మ కూడా ఆయన వేసిందే. ఎర్ర గడ్డం ముసలాయన టేబుల్ దగ్గర చాయ్ ముందు కూర్చుని ఉంటాడు, పక్కన ఇద్దరు పిల్లలు ఆడుకుంటుంటారు.

1970 ఆల్బమ్: జవాబు తెలియని కుర్రాడు

రాక్ అనగానే చెవులు పగిలే డ్రమ్స్, అరుపులు అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. దీన్ని ఫోక్ రాక్ అంటారు. నిర్మాత పాల్ సామ్‌వెల్ స్మిత్ అంతకుముందు 'యార్డ్‌బర్డ్స్' అనే పేరున్న రాక్ బృందంలో బేస్ గిటారు వాయించినవాడు. రెండో గిటారు అలన్ డేవిస్‌ది. కొన్ని పాటల్లో డెల్ న్యూమన్ కూర్చిన వయొలిన్ల వరుసలు వస్తాయి. అయినా ఎక్కడా హంగామా లేదు. మొత్తం ఆల్బమ్ నలభై నిమిషాల లోపే అయిపోతుంది.

మొదటి పాట 'వేర్ డూ ది చిల్డ్రన్ ప్లే' ఒక ప్రశ్నతో నడుస్తుంది. రోడ్లు వేశాం, విమానాలు కట్టాం, ఆకాశాన్నంటే భవనాలు లేపాం, మరి పిల్లలు ఆడుకునే చోటేది అని. 'వైల్డ్ వరల్డ్' విడిపోతున్న మనిషికి చెప్పే జాగ్రత్త. ప్రపంచానికి బాగా తెలిసిన పాట ఇదే. 'బట్ ఐ మైట్ డై టునైట్' రెండు నిమిషాల్లోపు పాట. బాగా పనిచేసి పైకి రమ్మని పెద్దలు చెబుతుంటే, ఈ రాత్రే చనిపోతే ఎలా అని ఎదురు ప్రశ్న వేస్తాడు కుర్రాడు. క్షయతో మంచం పట్టి లేచినవాడు అడిగాడు కాబట్టి అది ఉత్త పొగరు అనిపించదు.

'ఆన్ ది రోడ్ టు ఫైండ్ అవుట్' మీద మాత్రం కొంచెం ఆగాలి. ఇల్లు వదిలి, సత్యం ఎక్కడుందో వెతుక్కుంటూ తిరిగే మనిషి పాట ఇది. ఊళ్లు తిరుగుతాడు, మనుషుల్ని కలుస్తాడు, కడుపు నిండినా మనసు నిండదు. వెతికేది లోపలే ఉందని చివరికి గ్రహిస్తాడు. ఒక మంచి పుస్తకం చేతిలోకి తీసుకోమనే మాటతో పాట ముగింపుకొస్తుంది. 1970లో ఆ పుస్తకం ఏదో పాడినవాడికే తెలియదు. కొన్నేళ్ల తర్వాత అన్న డేవిడ్ జెరూసలెం వెళ్లొచ్చి తమ్ముడికి ఖురాన్ అనువాదం కానుకగా ఇచ్చాడు. 1977 డిసెంబర్‌లో ఆయన షహాదా పలికారు. ఖురాన్‌లో హజ్రత్ యూసుఫ్ అలైహిస్సలాం కథ మనసుకు పట్టేయడంతో ఆ పేరే పెట్టుకున్నారు.

మధ్యలో ఏం జరిగింది?

1978లో క్యాట్ స్టీవెన్స్ పేరుతో చివరి ఆల్బమ్ వచ్చింది. తర్వాత ఆయన గిటార్లు వేలం వేసి, వచ్చిన డబ్బు సేవకు ఇచ్చేశారు. సంగీతం విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉందన్నది మనకు తెలిసిందే. సందేహం ఉన్నచోట దూరంగా ఉండటమే మంచిదని ఆయన ఆనాడు అనుకున్నారు. 1983లో లండన్‌లో ఇస్లామియా ప్రైమరీ స్కూల్ మొదలుపెట్టారు. 1998లో ఆ బడికి బ్రిటన్ ప్రభుత్వ నిధులు దక్కాయి. అక్కడ ఒక ముస్లిం బడికి అలా నిధులు రావడం అదే మొదలు. పాత పాటల మీద వచ్చే రాయల్టీ సొమ్ము కూడా ఇలాంటి చదువు, సేవ పనులకు ఉపయోగపడింది. అంటే తాను పాడటం మానేసినా, 1970లో పాడిన పాటలు ఖాతాలో జమ అవుతూనే ఉన్నాయన్నమాట.

మళ్లీ గిటారు ఎలా వచ్చింది? కొడుకు ఇంటికి తెచ్చాడు. ఆ గిటారును తండ్రి చేతిలోకి తీసుకున్నారు, వేళ్లకు పాత స్వరాలు గుర్తున్నాయి. 2006లో, అంటే ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 'ఆన్ అదర్ కప్' అనే ఆల్బమ్ వచ్చింది. ఎందుకు మళ్లీ గిటారు పట్టారని అడిగేవారికి జవాబుగా తర్వాత ఒక పుస్తకమే రాశారు. ఆయన నిర్ణయంతో ఏకీభవించేవాళ్లు, ఏకీభవించని వాళ్లు ఇద్దరూ ఉన్నారు. ఆ చర్చ ఉలమాలకు వదిలేద్దాం.

2020 ఆల్బమ్: దారి తెలిసిన తాత

యాభై ఏళ్లు నిండిన సందర్భంగా మొత్తం ఆల్బమ్‌ను ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఒక స్టూడియోలో మళ్లీ రికార్డు చేశారు. నిర్మాత అదే సామ్‌వెల్ స్మిత్. గిటారు అదే అలన్ డేవిస్. కవర్ మీద అదే ముసలాయన, కాకపోతే ఈసారి వ్యోమగామి దుస్తుల్లో ఉన్నాడు. పగలు పోయి రాత్రయింది. పిల్లల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు అన్న పాత ప్రశ్నకు కవర్ బొమ్మే ఒక చేదు జవాబు చెప్పింది.

గొంతు బరువెక్కింది, కొంచెం గరుకుగా ఉంది. కానీ అలసట లేదు. బాణీలు అక్కడక్కడ బాగా మారాయి. 'వైల్డ్ వరల్డ్'కు పాతకాలపు రాగ్‌టైమ్ ఛాయ వచ్చింది. 'ఆన్ ది రోడ్ టు ఫైండ్ అవుట్' సహారా ఎడారి బ్లూస్ వైపు మళ్లింది. వెతుకులాట పాటకు ఎడారి బాణీ చక్కగా కుదిరింది. 'మైల్స్ ఫ్రమ్ నోవేర్' పాటలో శరీరాన్ని వదిలేసి వెళ్లే చివరి మజిలీ ప్రస్తావన ఉంటుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు పాడితే అది సాహసం మాటలా వినిపించింది. డెబ్బై దాటిన మనిషి పాడితే ఆఖిరత్ గుర్తుకొస్తుంది.

అన్ని మార్పులూ లాభం కాదు. 'వైల్డ్ వరల్డ్' కొత్త బాణీ సరదాగా ఉంది గానీ, విడిపోయే బాధ పలచబడింది. ఆ పాటలో గొంతు కాస్త వణకాలి. ఇక్కడ చిరునవ్వు వినిపిస్తుంది. 'హార్డ్ హెడెడ్ ఉమన్' తనను సరిగ్గా నడిపించే గట్టి మనసున్న ఆడమనిషి కోసం వెతికే పాట. 1970లో ఆ వెతుకులాట నిజం. 2020లో పాడుతున్నది నలభై ఏళ్ల కాపురం చేసిన భర్త. వినడానికి హాయిగానే ఉంటుంది కానీ, ఆత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్క పాట లెక్క తారుమారు చేస్తుంది

ఇక 'ఫాదర్ అండ్ సన్'. తండ్రికీ కొడుక్కీ మధ్య సంభాషణ ఇది. తొందరపడకు, నీకింకా చిన్న వయసు, పెళ్లి చేసుకో, కుదురుగా ఉండు అంటాడు తండ్రి. నేను వెళ్లాలి, నాకు మాట వచ్చినప్పటి నుంచీ వినమనే చెప్పారు తప్ప నా మాట ఎవరూ వినలేదు అన్నది కొడుకు గోడు. 1970లో రెండు పాత్రలనూ ఒక్కడే పాడాడు. తండ్రికి కింది స్థాయి గొంతు, కొడుక్కి పై స్థాయి గొంతు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుకుంటారు. ఎవరిది తప్పు అని పాట తీర్పు చెప్పదు. గొప్పతనం అదే. కానీ నిజం చెప్పాలంటే, ఆ తండ్రి గొంతులో ఒక కుర్రాడి ఊహ మాత్రమే ఉంది.

2020లో తండ్రి భాగం డెబ్బై ఏళ్ల యూసుఫ్ పాడారు. కొడుకు భాగం కొత్తగా ఎవరితోనూ పాడించలేదు. 1970లో లాస్ ఏంజెలెస్‌లోని ట్రూబడోర్ క్లబ్బులో తాను పాడిన కచేరీ రికార్డు నుంచి తన గొంతునే తీసి కలిపారు. ఒకే మనిషి యాభై ఏళ్ల అవతలి తనతో మాట్లాడుతున్నాడు. కొడుకు వెళ్లిపోతాననే అంటున్నాడు, తండ్రి ఆగమనే అంటున్నాడు. ఆ కొడుకు వెళ్లి ఎక్కడికి చేరాడో మాత్రం ఈ తండ్రికి తెలుసు. అందుకే ఈసారి తండ్రి మాటల్లో అదిలింపు కంటే దిగులే ఎక్కువ. కొడుకు పాత్ర పాడిన మనిషికి గిటారు తిరిగి తెచ్చిచ్చింది కూడా సొంత కొడుకే. అది తెలిసి వింటే పాట ఇంకా లోతుకు దిగుతుంది.

మరి ఏది ఎంచుకోవాలి?

ముస్లిం పాఠకుడికి సులువుగా తోచే జవాబు ఒకటుంది. రెండోది యూసుఫ్ ఇస్లాం పాడింది కాబట్టి అదే మంచిది, మొదటిది జాహిలియత్ కాలంనాటిది అని. ఆ జవాబు సరికాదు. ఆయనే ఆ పాటల్ని పక్కన పెట్టలేదు. పదకొండింటినీ ఎంచి, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ పాడారు. ఈ దారి నన్ను ఇక్కడికి తెచ్చింది అని ఒప్పుకోవడమే అది. మనిషి దీన్‌లోకి రాకముందు వేసిన ప్రశ్నలు కూడా ఆ రాకలో భాగమే.

పాటకు పాట లెక్క వేస్తే 'ఫాదర్ అండ్ సన్'లో 2020దే పైచేయి. 'మైల్స్ ఫ్రమ్ నోవేర్', 'ఆన్ ది రోడ్ టు ఫైండ్ అవుట్' చెరిసమానం. మిగతా పాటల్లో 1970 ముందుంటుంది. మొత్తం ఆల్బమ్‌గా ఒక్కటే ఎంచుకోవాలంటే 1970 నాటిదే ఎంచుకోవాలి. కారణం గొంతు లేతదనం కాదు. రెండో ఆల్బమ్ పాడేవాడికి జవాబులు తెలుసు. మొదటి ఆల్బమ్ పాడేవాడికి తెలియదు, అయినా అడగడం మానలేదు. వినేవాడు కూడా అతనితో పాటే వెతుకుతాడు. ఇంటర్ పూర్తయి, ఏం చదవాలో, ఎటు వెళ్లాలో తెలియక ఇంట్లో వాదన పెట్టుకునే పిల్లాడికి దగ్గరగా ఉండేది ఆ గొంతే.

రెండు ఆల్బమ్‌లూ మొత్తం వినే తీరిక లేనివారు 'ఫాదర్ అండ్ సన్' ఒక్కటి రెండు రూపాల్లో వినొచ్చు. ముందు 1970ది, తర్వాత 2020ది. వీలైతే అబ్బా, కొడుకు పక్కపక్కన కూర్చుని వినండి. మొదటిసారి కొడుకు తన మాటే విన్నానంటాడు. రెండోసారి అబ్బా అదే మాట అనే అవకాశం ఉంది. తర్వాత ఇద్దరూ చాయ్ పెట్టుకుని, ఎవరికి ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో ఒకరినొకరు అడిగి చూడండి.